కోడికి నట్టల మందు: తేదీ చూసి కాదు, రెట్ట చూసి

గుడ్డు పగలగొడతారు. సొనతో పాటు సేమియా పోగులాంటి తెల్లటి పురుగు గిన్నెలో పడుతుంది. ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. కింద మెసేజ్ మాత్రం ఒకటే: "నాటు గుడ్లు తినకండి, పది మందికి పంపండి."

అది ఫేక్ అని కొట్టిపారేసేవాళ్లకు ఒక మాట. చాలా అరుదుగానే అయినా అలా జరుగుతుంది. కోడి పేగు, గుడ్డు దిగే నాళం రెండూ చివరికి ఒకే చోట తెరుచుకుంటాయి. పేగులోని పురుగు దారి తప్పి గుడ్డు నాళంలోకి పాకిందంటే, దాన్ని కూడా కలుపుకొని తెల్లసొన, పెంకు కట్టేస్తాయి. ఆ పురుగు పేరు అస్కారిడియా గల్లి. కోళ్ల ఏలికపాము అనుకోండి. అది పక్షుల పురుగు, మనిషి కడుపులో కాపురం పెట్టదు. కాబట్టి ఆ వీడియో చూసి భయపడాల్సింది తినేవాళ్లు కాదు. ఒకటి దారి తప్పిందంటే లోపల ఎన్ని ఉన్నాయో అని పెంచేవాళ్లు ఆలోచించాలి.

పెంచేవాళ్లలో మా ఇల్లు కూడా ఉంది. బొంతపల్లి అంటే బయటివాళ్లకు రెండే గుర్తు: వీరభద్రస్వామి గుడి, మందుల కంపెనీలు. గల్లీలోకి వస్తే మూడోది కనిపిస్తుంది, గంప కింద కోళ్లు. రూములు కిరాయికిచ్చిన ఇండ్ల వెనక కూడా నాలుగైదు పెట్టలు గీకుతూ ఉంటాయి. మా అమ్మ దగ్గర 18 ఉన్నాయి: ఆరు పెట్టలు, ఒక పుంజు, మూడు నెలలు దాటిన పడుచు కోళ్లు ఐదు, ఐదు వారాల పిల్లలు ఆరు. గుడ్ల పైసలు, ఆదివారం కోడి పైసలు పూర్తిగా అమ్మవి. నా జీతంలోంచి అడగకుండా ఆమె ఖర్చు పెట్టుకునే డబ్బు ఇంట్లో అదొక్కటే.

ఈ వానాకాలం చివర్లో పడుచు కోళ్లు ఎండిపోవడం మొదలైంది. తింటున్నాయి కానీ ఒళ్లు పట్టడం లేదు. పిల్లలు ముడుచుకుని కూర్చుంటున్నాయి. పెట్టలు గుడ్లు తగ్గించాయి. పక్కింటి అత్తమ్మ గొర్లకు తెచ్చిన సగం సీసా చూపించి, "నెలకోసారి నట్టల మందు పొయ్యాలె వదినా, అన్నిటికీ పొయ్యి" అన్నది. పశువుల కడుపులో పడే పురుగులను మా వైపు నట్టలు అంటారు. అమ్మ సీసా పట్టుకుని నన్ను అడిగింది: "పొయ్యమంటవా బిడ్డా, వద్దంటవా?" అప్పుడే అక్క రెండో నెలతో ఇంటికి వచ్చి ఉంది. రోజూ పొద్దున ఆమెకు ఒక నాటు గుడ్డు.

అమ్మ అడిగింది చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం నేను అనుకున్నంత చిన్నది కాదు.

పురుగు లెక్క

ఏలికపాము కోడి చిన్నపేగులో ఉంటుంది. ఆడ పురుగు రోజూ వేల గుడ్లు పెడుతుంది, అవి రెట్టతో బయటపడతాయి. పడీపడగానే వాటితో ప్రమాదం లేదు. తడి, వెచ్చదనం దొరికితే రెండు మూడు వారాల్లో గుడ్డు లోపల లార్వా తయారవుతుంది. ఆ తర్వాత ఏ కోడి అయినా గింజతో పాటు దాన్ని పొడుచుకు తింటే పురుగు పడ్డట్టే. అది లోపల ఎదిగి తిరిగి గుడ్లు పెట్టడానికి ఇంకో 5 నుంచి 8 వారాలు పడుతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. జూలై వానల్లో మింగిన పురుగు దెబ్బ మనకు సెప్టెంబర్‌లో కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం: మందు కోడి కడుపులో ఉన్న పురుగునే చంపుతుంది. నేలలో ఉన్న గుడ్లను అది ముట్టుకోదు. నీడ, తడి ఉన్న మట్టిలో ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. మందు పోసి, మర్నాడే అదే పెంటకుప్ప మీదికి వదిలితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఏలికపాము ఒక్కటే కాదు. పేగు చివరి సంచుల్లో ఉండే సన్న పురుగులు, వెంట్రుకలాంటి కాపిల్లేరియా, రిబ్బన్‌లా ఉండే బద్దె పురుగులు కూడా ఉంటాయి. బద్దె పురుగు నేరుగా కోడి నుంచి కోడికి రాదు. చీమలు, ఈగలు, పేడ పురుగుల లాంటివి మధ్యలో మోస్తాయి. ఒక్కో పురుగుకు ఒక్కో దారి, ఒక్కో మందు. సీసా ఎత్తే ముందు ఎవరున్నారో తెలియాలి అనేది అందుకే.

ఎండిపోయిందంటే పురుగేనా?

సాఫ్ట్‌వేర్‌లో "యాప్ స్లో అయింది" అని ఒక్క లైన్ కంప్లైంట్ వస్తే మేం నేరుగా కోడ్ మార్చం, ముందు లాగ్ చూస్తాం. కోడి ఎండిపోవడం కూడా అలాంటి ఒక్క లైన్ కంప్లైంటే. జుట్టు పాలిపోవడం, రెక్కలు వాలడం, రొమ్ము ఎముక కత్తిలా తగలడం, రెట్ట పలచబడటం, గుడ్లు తగ్గడం పురుగులున్నప్పుడు కనిపిస్తాయి. రెక్కల కింద పేలు పట్టినా, మేత చాలకపోయినా, కాక్సిడియా వచ్చినా వీటిలో చాలావరకు కనిపిస్తాయి. ఈక రాల్చే కాలంలో ఏ రోగం లేకుండానే పెట్ట గుడ్లు ఆపేస్తుంది.

వీటిలో కాక్సిడియా దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు. అది పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. పిల్లలకు ఎక్కువగా వస్తుంది, ఒక్కోసారి రెట్టలో రక్తం పడుతుంది. నట్టల మందుకు అది ఏమాత్రం లొంగదు. ఆంప్రోలియం లాంటి వేరే మందు కావాలి. "నట్టల మందు పోశాం కదా" అని ధీమాగా ఉన్న ఆ మూడు నాలుగు రోజుల్లోనే పిల్లలు చచ్చిపోతాయి.

రెట్ట డబ్బా

లాగ్ ఎక్కడుందంటే రెట్టలో. పొద్దున్నే కోళ్లు పడుకున్న చోట కాగితం పరిచి ఉంచితే తాజా రెట్ట దొరుకుతుంది. ఏడెనిమిది చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి శుభ్రమైన చిన్న డబ్బాలో వేయాలి. పెట్టలవి, పడుచు కోళ్లవి, పిల్లలవి విడివిడిగా. డబ్బా మీద తేదీ, కోళ్ల వయసు రాయాలి. ఎండ తగలకుండా అదే రోజు పశువైద్యశాలకు చేర్చాలి. మధ్యలో కనిపించే గోధుమ రంగు, జిగట, ఘాటు వాసన రెట్ట చూసి కంగారు పడొద్దు. పేగు చివరి సంచుల నుంచి వచ్చేది మామూలుగానే అట్లా ఉంటుంది.

పరీక్ష వెనక ఉన్నది స్కూల్లో చదివిన సైన్సే. నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి, ఆ ఉప్పునీటిలో రెట్టను కలిపి వడగడతారు. పురుగు గుడ్లు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైకి తేలతాయి. పైపొరను గాజు పలక మీదికి తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. గీతల గడులున్న ప్రత్యేక స్లైడ్ ఉంటే గ్రాము రెట్టకు ఎన్ని గుడ్లో లెక్క కూడా కడతారు. బద్దె పురుగు మాత్రం ఈ పద్ధతికి సరిగ్గా దొరకదు. దాని ముక్కలు తెల్లగా బియ్యపు గింజల్లా రెట్ట మీద కనిపిస్తే అదే ఆనవాలు.

మా మూడు డబ్బాలు చూసి డాక్టర్ గారు మూడు వేర్వేరు మాటలు చెప్పారు. పడుచు కోళ్ల రెట్టలో ఏలికపాము గుడ్లు బాగా ఉన్నాయి, వాటికి మందు కావాలి. పిల్లల రెట్టలో పురుగు గుడ్లు లేవు, కాక్సిడియా ఉంది. ఐదు వారాల పిల్ల ఇవాళ పురుగు మింగినా ఆ పురుగు గుడ్లు పెట్టే వయసు ఇంకా రాలేదని కూడా గుర్తుంచుకోమన్నారు. పెట్టల రెట్టలో అక్కడక్కడా ఒకటో రెండో గుడ్లు, అంతే. "పెద్ద కోళ్లకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. ఇవి ఈక రాలుస్తున్నయి, అందుకే గుడ్లు తగ్గినయి. మేత పెంచండి, మందు వద్దు" అన్నారు.

ఆ సగం సీసా 18 కోళ్లకూ పోసి ఉంటే ఐదింటికే పనికొచ్చేది. పిల్లలకు దక్కాల్సిన మందు ఆలస్యమయ్యేది. పెట్టలకు ఉత్త పుణ్యానికి మందు పడేది.

సీసా మీద అంకె

పశువుల మందుల షాపులో ఎక్కువగా దొరికేవి పైపరజీన్, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, లెవామిసోల్. పైపరజీన్ ఏలికపాము మీద బాగా పనిచేస్తుంది, మిగతావాటి మీద పెద్దగా కాదు. దీనికి మన తెలుగువాళ్ల చరిత్ర కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో పైపరజీన్ కుటుంబం నుంచే డైఇథైల్ కార్బమజీన్‌ను తెచ్చింది. బోదకాలు నివారణకు ఇంటింటికీ వచ్చి ఇచ్చే గోలీల్లో ఈనాటికీ అది ఉంటుంది. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ అక్కాచెల్లెళ్ల లాంటివి. పురుగు కణాల లోపలి కట్టడాన్ని దెబ్బతీసి, చక్కెర పీల్చుకోకుండా చేసి చంపుతాయి. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్ లాంటిది డాక్టర్ రాస్తారు.

మందు పేరు తెలిస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం అంకె. ఉదాహరణకు డాక్టర్ గారు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ అని రాశారనుకోండి. కోడి బరువు 800 గ్రాములు. అంటే 8 మిల్లీగ్రాములు కావాలి. సీసా మీద 2.5 శాతం అని ఉంటే ఒక మిల్లీలీటర్‌లో 25 మిల్లీగ్రాములు ఉన్నట్టు. 8ని 25తో భాగిస్తే 0.32 మిల్లీలీటర్. అదే మందు 10 శాతం సీసాలో కూడా వస్తుంది. అప్పుడు 0.08 మిల్లీలీటరే. చూడకుండా మొదటి లెక్కతో పోస్తే నాలుగింతలు పడుతుంది. పక్కింటి సీసా మీద ఉన్నది 10 శాతమే.

కాబట్టి కోడిని తూకం వేయాలి. సంచిలో పెట్టి వేలాడదీసే చిన్న కాంటా చాలు. సూది తీసేసిన 1 మిల్లీలీటర్ సిరంజితో, ముక్కు పక్క నుంచి, ఊపిరి గొట్టంలోకి పోకుండా నెమ్మదిగా వేయాలి. సీసాను ప్రతిసారీ బాగా ఊపాలి, ఆల్బెండజోల్ అడుగుకు దిగిపోతుంది. ఇదే కారణంగా దాన్ని నీళ్ల గిన్నెలో కలిపి వదిలేస్తే మొదట తాగినదానికి నీళ్లు, చివర తాగినదానికి మందు. పైపరజీన్ నీళ్లలో కరుగుతుంది. దాన్ని కలిపేటప్పుడు ఒక పూటలో కోళ్లు తాగేసేన్ని నీళ్లలోనే కలపాలి.

ఒక కోడికి సరిపోయిన లెక్క ఇంకో మందుకు సరిపోదు. అమెరికాలో కోళ్ల కోసం ఆమోదించిన ఫెన్‌బెండజోల్ నీటి మందును కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున వరసగా 5 రోజులు ఇస్తారు, ఆ మందుకు గుడ్లు పారేయాల్సిన అవసరం లేదని కూడా అక్కడ తేల్చారు. ఆ వీడియో చూసి ఇక్కడ గొర్రెల సీసాకు అదే నియమం అంటించడానికి లేదు. ఏ మందు పోసినా ఎన్ని రోజులు గుడ్లు తినొద్దు, ఎన్ని రోజులు కోడిని కోయొద్దు అనేది డాక్టర్‌ని అడిగి, కాగితం మీద రాయించుకోండి. మొదటి మూడు నెలల గర్భిణికి ఆల్బెండజోల్ గోలీ ఇవ్వరు. అలాంటప్పుడు మందు పోసిన పెట్ట గుడ్డు ఆమె పళ్లెంలో ఎందుకు పెట్టాలి? మా పెట్టలకు మందు పడలేదు కాబట్టి అక్క గుడ్డు ఆగలేదు.

"పోస్తే పోయేదేముంది?"

మందు చవక, పరీక్షకు తిరగాలి, అందరికీ పోస్తే పీడా పోతుంది కదా అని అడగొచ్చు. మీలో చాలామంది స్కూల్లో ఫిబ్రవరి 10న ఆల్బెండజోల్ గోలీ నమిలినవాళ్లే. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం అది. అక్కడ పరీక్ష లేకుండా 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ వేస్తారు. అంతమంది పిల్లలకు ఒక్కొక్కరికి పరీక్ష చేయడం జరిగే పని కాదు, ఏడాదికి ఒకటి రెండుసార్లే ఇస్తారు. పెరట్లో 18 కోళ్లకు మూడు డబ్బాలు చాలు. నెలనెలా పోయడానికి ఆ ఉదాహరణ పనికిరాదు.

పోయేది ఏంటంటే, మందు పదును. గొర్రెల రక్తం తాగే హీమాంకస్ అనే పురుగు మన దేశంతో సహా చాలా చోట్ల ఆల్బెండజోల్‌కు లొంగడం మానేసింది. అమెరికాలో టర్కీ కోళ్ల ఏలికపాములు ఫెన్‌బెండజోల్‌ను తట్టుకుంటున్నాయని 2019లో బయటపడింది. ప్రతిసారీ మందు పోస్తే బలహీన పురుగులు చస్తాయి, మొండివి మిగిలి పిల్లల్ని కంటాయి. తక్కువ మోతాదు పోసినా అంతే. దక్షిణాఫ్రికాలో గొర్రెల కాపరులు దీనికి ఒక ఉపాయం పట్టారు: కంటి రెప్ప లోపలి రంగును రంగుల కార్డుతో పోల్చి, పాలిపోయిన గొర్రెకే మందు వేస్తారు. మందు సోకని మామూలు పురుగులు కొన్ని మందలో మిగిలితే, మొండి పురుగుల సంతానం పలచబడుతుంది. ఫమాచా పద్ధతి అంటారు దాన్ని.

మందు ఎక్కువైతే ఏమవుతుందో మా బెల్టుకు వేరే చెప్పక్కర్లేదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి వదిలే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. లీటర్‌కు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా మా ఊళ్ల పేర్లు వస్తాయి. వాగులోకి ఏం పోతుందో నేను ఆపలేను. నా పెరట్లో సీసా ఎప్పుడు తీయాలో మాత్రం నా చేతిలో ఉంది.

పెరడుకూ ఒక మందు

మందు పోసి ఊరుకుంటే ఆరు వారాల్లో మళ్లీ అదే కథ. అందుకే గూటి కింద రెట్టను రోజూ పొద్దున గీకి, కోళ్లు చేరని చోట కుప్ప వేస్తున్నాం. గింజలు నేల మీద చల్లడం మానేసి తొట్టిలో వేస్తున్నాం. నీళ్ల గిన్నె ఇటుక మీదికెక్కింది, చుట్టూ బురద తగ్గింది. గూట్లో ఊక తడిస్తే అదే రోజు మారుస్తున్నాం. గంప పెట్టే చోటు వారానికోసారి మారుతుంది. పాత చోటుకు ఎండ తగిలితే గుడ్లు ఎండిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల్ని పెద్దవాటి నుంచి వేరుగా మేపడం. పెద్ద కోళ్లు తట్టుకునే పురుగు పిల్లల్ని పడేస్తుంది.

రెండు వారాల తర్వాత పడుచు కోళ్ల రెట్ట మళ్లీ చూపించాం. మందు నిజంగా పనిచేసిందా అని తెలిసేది ఇక్కడే. గుడ్లు దాదాపు పోతే పనిచేసినట్టు. బాగా మిగిలితే మోతాదు తగ్గిందో, పురుగు మొండికేసిందో డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి. మా వాటిలో దాదాపు పోయాయి.

ఇక ఎప్పుడెప్పుడు చూపించాలంటే: పిల్లలు రెండు మూడు నెలల వయసుకొచ్చినప్పుడు. వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. సంతలో కొత్త కోడిని కొంటే రెండు వారాలు వేరుగా ఉంచి, చూపించాకే మందలో కలపాలి. కొక్కెర తెగులు టీకా వేయించే ముందు పురుగులున్నాయని తేలితే, వారం పది రోజుల ముందే మందు అయిపోయేలా చూసుకోవాలి. పరీక్షకు దారే లేని చోట ఎదిగే కోళ్లకు రెండు మూడు నెలలకోసారి మందు అనే పాత సలహాను తప్పు పట్టను. పశువుల సంచార వైద్య వాహనానికి 1962 నంబర్ ఉంది, ముందు దానికి ఫోన్ చేసి అడగండి.

డబ్బా పట్టుకుని తిరిగే ఓపిక లేనివాళ్లకు పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ఉంది. దసరాకో, బోనాలకో, ఆదివారానికో మీ పెరటి కోడిని కోసినప్పుడు పేగు పారేసే ముందు ఒకసారి నిలువునా చీల్చి చూడండి. లోపల ఏముందో ఫోటో తీసి డాక్టర్‌కు పంపండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ ఒక్క కోడి మిగతా మంద సంగతి చాలావరకు చెప్పేస్తుంది. సీసా తీయాలో వద్దో దాన్ని చూశాక నిర్ణయించుకోండి.